ఊరు దొరికితేనే తాత దొరుకుతాడు

1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ద్వీపం వలస కేంద్రం తెరిచారు. ఆ రోజు మొట్టమొదట గడప దాటినది ఆనీ మూర్ అనే ఐరిష్ పిల్ల. కార్క్ కౌంటీలోని క్వీన్స్‌టౌన్ రేవులో నెవాడా అనే ఓడ ఎక్కి, ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు. పత్రికలు ఘనంగా రాశాయి. తర్వాత ఆ పిల్ల ఏమైందంటే, చాలా ఏళ్లపాటు ఒకటే జవాబు వినిపించేది. పడమటికి పోయిందనీ, టెక్సాస్‌లో కాపురం పెట్టిందనీ, 1923లో ట్రామ్ కింద పడి పోయిందనీ చెప్పేవారు. ఆ టెక్సాస్ ఆనీ వారసుల్ని సభలకు పిలిచి సత్కరించారు కూడా.

మెగన్ స్మోలెన్యాక్ అనే వంశ పరిశోధకురాలు ఈ కథను పట్టుకుని కాగితాలు తిరగేసింది. జనాభా లెక్కల్లో పుట్టినచోటు అనే గడి ఒకటుంటుంది. టెక్సాస్ ఆనీకి ఆ గడిలో ఇల్లినాయ్ అని ఉంది. అంటే ఆమె ఓడ దిగిన మనిషే కాదు, అమెరికాలోనే పుట్టిన మనిషి. 2006లో అసలు ఆనీ సంగతి బయటపడింది. ఆమె మన్‌హటన్ దక్షిణ భాగంలో ఉన్న ఇరుకు వీధుల్ని వదిలి ఎక్కడికీ పోలేదు. బేకరీలో పనిచేసే అతన్ని చేసుకుని, పదిమందికి పైగా పిల్లల్ని కని, చాలామందిని చిన్నప్పుడే పోగొట్టుకుని 1924లో కన్నుమూసింది. క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో 2008 దాకా ఆమె తల దగ్గర రాయి కూడా లేదు.

ఐరిష్ పూర్వీకుల వేట గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చే కథ ఇదే. అక్కడ కాగితం లేక తప్పు జరగలేదు. కావలసిన కాగితం ఏళ్ల తరబడి అందుబాటులోనే ఉంది. కథ బాగుందని ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు.

అమెరికాలోనే 3 కోట్లకు పైగా జనం తమది ఐరిష్ మూలం అని చెప్పుకుంటారు. ఐర్లండ్ ద్వీపంలో ఇవాళ ఉన్న జనం, ఉత్తరాన్నీ కలుపుకుని, దాదాపు 70 లక్షలు. కెనడా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో ఉన్నవాళ్లు వేరే. వీళ్లందరినీ ఇళ్లు వదిలించినవాటిలో పెద్దది 1845లో బంగాళదుంపకు సోకిన తెగులు. 1841 లెక్కల్లో ద్వీపం జనాభా 81 లక్షల పైచిలుకు, 1851కల్లా 65 లక్షలు. సుమారు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చచ్చిపోయారు, అంతకు తక్కువ కాని సంఖ్యలో ఓడలెక్కారు. మునిమనవలు ఇప్పుడు వెతుకుతున్నది ఎక్కువగా ఆ ఓడలెక్కినవాళ్లనే.

వెతకడం మొదలుపెట్టిన ప్రతివాడికీ ముందుగా చెవినపడే మాట, ఐర్లండ్ కాగితాలన్నీ కాలిపోయాయని. అందులో నిజం ఉంది. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన వారంలోనే, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనాల్లో పేలుడు జరిగి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు బూడిదైంది. 1821 నుంచి 1851 దాకా నాలుగు జనాభా లెక్కలు, కొన్ని ముక్కలు మినహా పోయాయి. శతాబ్దాల వీలునామాలు పోయాయి. ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి.

అయితే ఈ మాట పూర్తి నిజం కాదు. 1861, 1871 లెక్కల్ని అంతకు చాలాముందే ప్రభుత్వమే ధ్వంసం చేయించింది. 1881, 1891 లెక్కల్ని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితం కరువొచ్చి గుజ్జు కింద కొట్టించింది. ఆ నాలుగింటి పాపం మంటల నెత్తిన రుద్దడం అన్యాయం. జనంలో అత్యధికులైన కాథలిక్కుల జ్ఞానస్నాన, వివాహ రిజిస్టర్లు అసలు ఆ భవనంలో లేనే లేవు, పారిష్ ఫాదర్ల బీరువాల్లోనే ఉండిపోయాయి. నేషనల్ లైబ్రరీ వాటిని మైక్రోఫిల్మ్ తీయించి, ఎక్కువగా 1880 దాకా ఉన్నవాటిని, 2015లో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. 1901, 1911 లెక్కలు పూర్తిగా మిగిలాయి, అవీ ఉచితమే. 1921లో స్వాతంత్ర్య పోరాటం వల్ల లెక్కలు తీయలేదు. ఆ తర్వాత తీసినవి 1926వి, వందేళ్ల నిబంధన ప్రకారం 2026 దాకా ఆగవలసినవి. పేలుడుకు నూరేళ్లయిన సందర్భంలో, 2022 జూన్‌లో, ట్రినిటీ కాలేజీ ఆధ్వర్యంలో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే డిజిటల్ భాండాగారం తెరుచుకుంది. కాలిపోయినవాటికి ఎక్కడెక్కడో మిగిలిన నకళ్లను అది ఒకచోట చేరుస్తోంది. కాబట్టి కాలిపోయాయి అనే మాట చాలాసార్లు వెతకనివాడికి సాకుగా పనికొస్తోందని నా అభిప్రాయం.

అసలు చిక్కు మంటల్లో లేదు. అది ఒక్క మాటలో ఉంది. ఆ మాట ఐర్లండ్.

అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. పుట్టినచోటు అన్న గడిలో, ఐరిష్ వాడైతే, గుమాస్తా ఐర్లండ్ అని రాసి ఊరుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దపు ఓడల జాబితాల్లో ఉండేది పేరు, వయసు, వృత్తి, దేశం. చాలామంది లివర్‌పూల్ రేవు మీదుగా పోయారు గనక ఓడను బట్టి కూడా ఊరు తేలదు. చౌకని కెనడా ఓడెక్కి, అక్కడ దిగి అమెరికాలోకి వచ్చినవాళ్లకు న్యూయార్క్ జాబితాలో పేరే ఉండదు. పౌరసత్వ పత్రాలు చూద్దామంటే, 1906లో నిబంధనలు మారకముందు చాలావాటిలో బ్రిటన్ రాణి ప్రజ అన్న మాటకు మించి ఏమీ లేదు.

ఐర్లండ్ అని తెలిస్తే చాలదా అంటే, చాలదు. అక్కడి రికార్డులన్నీ ఊరిని బట్టి పేర్చినవి. అన్నిటికన్నా చిన్నది టౌన్‌ల్యాండ్. పేరులో టౌన్ ఉంది గానీ పట్టణానికీ దానికీ సంబంధం లేదు. మన శివారు పల్లె లాంటిది, కొన్ని వందల ఎకరాలు, పది పదిహేను ఇళ్లు, కొన్నిటిలో ఒక్క ఇల్లూ ఉండదు. ఇలాంటివి 60 వేలకు పైనే ఉన్నాయి. వాటి మీద సివిల్ పారిష్‌లు, బారనీలు, పేదల చట్టపు యూనియన్లు, కౌంటీలు. కాథలిక్ పారిష్ సరిహద్దు ఒకటి, సివిల్ పారిష్ సరిహద్దు మరొకటి. ఒకే పేరు గల టౌన్‌ల్యాండ్‌లు ఇరవై ముప్పై కూడా ఉంటాయి. ఇంటిపేరైనా ఊరు చెబుతుందా అంటే మనకున్నంత వీలు వాళ్లకు లేదు. మనలో చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే, ముత్తాత ఏ పొలిమేర దాటి వచ్చాడో అందులోనే ఉంటుంది. మర్ఫీ అనే ఇంటిపేరు దేశంలోకెల్లా ఎక్కువమందికి ఉంది, దాన్ని పట్టుకుని ఏ ఊరికని పోవాలి?

అందుకే అనుభవమున్న పరిశోధకులందరూ ఒకటే చెబుతారు. ఐర్లండ్‌లో వెతకడం ఆఖరున చేసే పని. ముందు ఓడ దిగిన చోట వెతకాలి, ఆ ఊరి పేరు మనవాడు ఎవరికో ఎక్కడో చెప్పి ఉంటాడు.

న్యూయార్క్‌లో 1850లో ఐరిష్ వలసదారుల సంఘం చొరవతో ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. ఖాతాదారుల్లో సంతకం పెట్టలేనివాళ్లు చాలామంది. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాడు అసలు మనిషేనా అని తేల్చుకోడానికి బ్యాంకు ఒక ఉపాయం చేసింది. ఖాతా తెరిచేటప్పుడే, పుట్టిన ఊరేది, తల్లి పేరేమిటి, అన్నదమ్ములెవరు, ఏ ఓడలో ఎప్పుడొచ్చావు అని అడిగి రాసుకునేది. ఇప్పుడు బ్యాంకులు అమ్మ పుట్టింటి పేరు అడుగుతున్నాయే, అదే యుక్తి. ఏ దొంగా రాకూడదని రాసుకున్న ఆ పుస్తకాల్లో కౌంటీ, పారిష్, ఒక్కోచోట టౌన్‌ల్యాండ్‌తో సహా దొరుకుతాయి.

ఇంకొకటి నన్ను చాలాసేపు కదలనివ్వదు. బోస్టన్‌లో పైలట్ అనే పత్రిక 1831 నుంచి 1921 దాకా తప్పిపోయినవాళ్ల కోసం ప్రకటనలు వేసింది. ఫలానా కౌంటీ, ఫలానా పారిష్‌కు చెందిన ఫలానా వాడు, ఫలానా ఏడాది ఓడెక్కాడు, ఆఖరుసారి ఫలానా రైలుమార్గం పనిలో ఉన్నట్టు తెలిసింది, అతని చెల్లెలు వెతుకుతోంది. ఇలా వేల ప్రకటనలు. వెతికించినవాళ్లకు ఎంతమంది దొరికారో గానీ, అవి రాయించిన చెల్లెళ్లూ భార్యలూ తమకు తెలియకుండానే మనవల మనవలకు ఊరి పేరు రాసిపెట్టిపోయారు.

సమాధి రాళ్లు, చర్చి వివాహ రిజిస్టర్లు, మరణవార్తలు కూడా ఈ కోవలోవే. తాత దగ్గర ఆగిపోతే తాత తమ్ముడిని, పెళ్లిలో సాక్షిని, పక్కింటివాడిని వెతకమంటారు. ఐరిష్ వాళ్లు ఒంటరిగా పోలేదు, ఒకడు పోయి డబ్బు పంపి ఇంకొకణ్ణి రప్పించుకునేవాడు. ఒకే పారిష్ జనం ఒకే వీధిలో కాపురాలు పెట్టేవారు. మనవాడి కాగితంలో లేని ఊరు పక్కవాడి సమాధి మీద ఉంటుంది.

ఊరు దొరికాక ఐర్లండ్ కాగితాల్లోకి దిగవచ్చు. వాటిని వరసగా చూస్తుంటే ఒక సంగతి తడుతుంది. పాత గేలిక్ కాలంలో దొరల వంశాలు చెప్పే కుటుంబాలుండేవి, మన పిచ్చుకుంట్లవాళ్లు గోత్రాలూ ఇంటిపేర్లూ చెప్పినట్టే. మక్‌ఫర్బిస్ వంశపు పండితుడొకడు పదిహేడో శతాబ్దం నడుమ గాల్వేలో కూర్చి పెట్టిన మహా వంశావళి ఇవాళ్టికీ ఉంది. గుడిసెలో ఉండి దుంపలు పండించుకున్నవాడికి మాత్రం ఏ భట్రాజూ లేడు. చర్చి పుస్తకాన్ని అలా ఉంచితే, అతని పేరు కాగితం మీదికి ఎక్కిందంటే అతని దగ్గర ఎవరికో డబ్బు రావాలి, లేదా అతనికి ఎవరి దగ్గరో డబ్బు కావాలి.

1823 నుంచి 1830ల చివరిదాకా రాసిన టైథ్ పుస్తకాలు అలాంటివే. ప్రొటెస్టెంటు చర్చికి కాథలిక్ రైతు కూడా దశమభాగం కట్టాలి, ఎవరెంత కట్టాలో రాశారు. ఆ పన్ను మీద తిరుగుబాట్లు జరిగి నెత్తురు పారింది. ఆ పుస్తకాలే ఇప్పుడు కరవుకు ముందటి రైతుల జాబితా. కౌలు చేసేవాడు కనిపిస్తాడు, కూలివాడు కనిపించడు. ఆ తర్వాత రిచర్డ్ గ్రిఫిత్ నడిపిన వాల్యుయేషన్, 1847 నుంచి 1864 దాకా కౌంటీ తర్వాత కౌంటీగా అచ్చయింది. మన అడంగల్ చదివిన కంటికి అది కొత్తగా అనిపించదు. అనుభవదారు పేరు, ఎవరి కింద కౌలు, ఇల్లా కొట్టమా పొలమా, ఎన్ని ఎకరాలు, ఏటా ఎంత విలువ. కాలిపోయిన జనాభా లెక్కలకు ఇదే బదులని అందరూ అంటారు. నేను కొంచెం తగ్గించే చెబుతాను. ఇందులో ఇంటి పెద్ద పేరే ఉంటుంది, పెళ్లాంబిడ్డలు ఉండరు. పైగా మేయో లాంటి పశ్చిమ కౌంటీలకు ఈ పని చేరేసరికి 1850ల నడుమకొచ్చింది. అప్పటికే చావవలసినవాళ్లు చచ్చారు, పోవలసినవాళ్లు పోయారు. ఎవరిని వెతుకుతున్నామో వాళ్లు ఖాళీ చేసిన ఇంట్లో ఎవరున్నారో అది చెబుతుంది.

1866 నుంచి కుక్కలకు లైసెన్సు రుసుం పెట్టారు. ఆ రిజిస్టర్లూ ఉన్నాయి. జనన నమోదుకే దిక్కులేని పల్లెల్లో కుక్క యజమాని పేరు, ఊరు, కుక్క రంగు దొరకడం ఈ రంగంలోనే చూస్తాం.

ప్రభుత్వ నమోదు అందరికీ తప్పనిసరి అయింది 1864 జనవరి నుంచి. కాథలిక్కులు కాని వాళ్ల పెళ్లిళ్లు మాత్రం 1845 నుంచే నమోదయ్యాయి. మొదటి ఏళ్లలో చాలామంది నమోదు చేయించలేదు. ఆలస్యమైతే జరిమానా గనక తేదీని కాస్త ముందుకు జరిపి చెప్పేవారు. అందుకే పుట్టిన తేదీ కంటే ముందే జ్ఞానస్నానం జరిగిన పిల్లలు రికార్డుల్లో కనిపిస్తారు. నన్నడిగితే ఫాదర్ రాసిన తేదీనే నమ్మాలి, ఆయనకు జరిమానా భయం లేదు.

కాథలిక్ రిజిస్టర్లలో గొప్ప మేలు తల్లి పుట్టింటి ఇంటిపేరు. జ్ఞానపితలూ జ్ఞానమాతలూ కూడా ఉంటారు, వాళ్లు ఎక్కువగా మేనమామలు, పిన్నులు. నష్టం లాటిన్. జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. దానికి తోడు ఐరిష్ పేరుకు ఇంగ్లీషు ముసుగు. ఇంట్లో తైగ్ అని పిలిచినవాడు కాగితంలో తిమోతీ, థాడియస్, కొన్నిచోట్ల టిమ్. డియర్మిడ్ జెరెమయా అయ్యాడు. ఇంటిపేర్ల ముందున్న ఓ, మక్‌లు ఇంగ్లీషు పాలనలో రాలిపోయి, పంతొమ్మిదో శతాబ్దం చివర గేలిక్ అభిమానం పుట్టాక తిరిగొచ్చాయి. మక్ గవన్ అంటే కమ్మరి కొడుకు, అతను ఏకంగా స్మిత్ అయిపోయాడు. అమెరికాలో బ్రిజెట్ అంటే వంటింటి పనిమనిషి అనే ఎగతాళి స్థిరపడ్డాక చాలామంది బ్రిజెట్‌లు డెలియాలు అయ్యారు. టిప్పరరీలో ఊరంతా ర్యాన్‌లే అయితే ఎర్ర ర్యాన్, నల్ల ర్యాన్ అని శాఖకో మారుపేరు పెట్టుకున్నారు, మన ఊళ్లలో ఒకే ఇంటిపేరువాళ్లను విడదీసుకున్నట్టే.

ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తా మా తాత పేరు మార్చేశాడు అనే మాట దాదాపు ప్రతి కుటుంబంలోనూ వినిపిస్తుంది. అది జరగలేదు. అక్కడి ఇన్‌స్పెక్టర్లు ఓడ ఎక్కిన రేవులో రాసిన జాబితాలో టిక్కులు పెట్టుకున్నారంతే. పేర్లు మారాయి, మార్చుకున్నది వచ్చినవాళ్లే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారాన్ని కూడా కొందరు శాసనం లాగా వాడతారు. దారి చూపడానికి పనికొస్తుంది, రుజువుగా పనికిరాదు. పసివాడు చచ్చిపోతే అదే పేరు తర్వాతివాడికి పెట్టే ఇళ్లు కొల్లలు.

వలస పోయినవాళ్లలో ఎవరి జాడ బాగా దొరుకుతుందో చూస్తే లోకరీతి తెలుస్తుంది. ఆస్ట్రేలియాకు నేరస్థులుగా పంపినవాళ్లకు, 1791లో క్వీన్ అనే ఓడతో ఇది మొదలైంది, పుట్టినచోటు, వృత్తి, నేరం, పోనుపోను ఎత్తు, ఒంటి మీది మచ్చలు కూడా రాశారు. 1848 నుంచి 1850 దాకా పేదల ఆశ్రమాల నుంచి ఎర్ల్ గ్రే పథకం కింద పంపిన 4 వేల పైచిలుకు అనాథ బాలికల్లో చాలామందికి ఊరూ తల్లిదండ్రుల పేర్లూ దొరుకుతాయి. తన డబ్బుతో టికెట్టు కొనుక్కుని స్వేచ్ఛగా బోస్టన్ పోయినవాడికే ఏమీ లేదు. ఈ విషయంలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుంచి 1860 తర్వాత మద్రాసు రేవులో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఓడెక్కిన తెలుగు కూలీల మనవలు అదృష్టవంతులు. ఒప్పందం కింద మనిషిని అప్పజెప్పాలి గనక తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా రాసిపెట్టారు. బందీని రాసినంత శ్రద్ధగా స్వతంత్రుణ్ణి ఎవరూ రాయలేదు.

ఐరిష్ వాళ్లలో మన వైపు వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ సైన్యాల్లోని తెల్ల సిపాయిల్లో ఐరిష్ వాళ్ల పాలు చాలా పెద్దది. మద్రాస్ ఫ్యుజిలియర్స్ అనే పటాలమే 1881లో మరొక పటాలంతో కలిసి రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు ఏటా లండన్‌కు పోయేవి, ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తండ్రి జ్ఞానస్నానం డబ్లిన్ మంటల్లో పోయినా, సికింద్రాబాదు, బళ్లారి దండుల్లో పుట్టిన బిడ్డ జ్ఞానస్నానం మిగిలిన కుటుంబాలు ఉండడానికి అదే కారణం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాన ఉల్‌స్టర్ నుంచి అమెరికా పోయిన ప్రెస్బిటేరియన్ల సంగతి వేరు. వాళ్లకు ఓడల జాబితాలే దాదాపు లేవు, నిజాయితీ గల పరిశోధకుడు అక్కడ ముందుగానే చేతులెత్తేస్తాడు.

ఇప్పుడు ఉమ్మి సీసాలో వేసి పంపితే చాలు అంటున్నారు. డీఎన్ఏ నిజంగానే మేలు చేసింది, ముఖ్యంగా దత్తు పోయినవాళ్లకు. అయితే తొంభై శాతం ఐరిష్ అనే పటం ఊరు చెప్పదు. ఉపయోగపడేది అవతల ఎవరితో ఎంత కలిసిందన్న లెక్క, దాని పక్కన పెట్టుకోవడానికి కాగితం కావాలి. ద్వీపం పడమట చిన్న పారిష్‌లలో తరతరాలుగా నాలుగు ఇళ్ల మధ్యే పెళ్లిళ్లు జరిగాయి గనక దూరపు బంధువు కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. 2006లో ట్రినిటీ కాలేజీ పరిశోధకులు వాయవ్య ఐర్లండ్ మగవాళ్లలో ఐదుగురికి ఒకరిలో ఒకే మగవంశపు గుర్తు ఉందని చూపి, అయిదో శతాబ్దపు రాజు నైల్‌కు దాన్ని ముడిపెట్టారు. ఆ రాజు ఎంతవరకు చరిత్ర, ఎంతవరకు గాథ అన్నదే తేలలేదు. కానీ జనం ఫలితం చేతికి రాగానే రాజవంశీకులైపోయారు. భూస్వామికి కౌలు కట్టలేక పారిపోయిన తాత కన్నా రాజు బాగుంటాడు కదా.

చక్కగా కుదిరిన వెతుకులాట ఒకటి చెప్పాలి. ఒబామా తల్లి వైపు పూర్వీకుడు ఫాల్మత్ కెర్నీ 1850లో వలస పోయాడు. అతను చెప్పులు కుట్టేవాడి కొడుకు. స్మోలెన్యాక్ ఈ వేటలోనూ ఉంది. 2007లో ఆఫలీ కౌంటీలోని మనీగాల్ దగ్గర ప్రొటెస్టెంటు మతగురువు పాత రిజిస్టర్లు తిరగేస్తే ఆ కుటుంబం దొరికింది. సగానికి పైగా కాలిపోయిన చర్చి రిజిస్టర్లలో ఇది కాలనిది. మతగురువు ఓపిక ఎంత కారణమో ఫాల్మత్ అన్న వింత పేరూ అంతే కారణం. అతని పేరు ప్యాట్రిక్ అయి ఉంటే 2011 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ఆ పల్లె సారాదుకాణంలో గ్లాసు ఎత్తేవాడు కాదు.

చివరగా, ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాగితం. 1908లో బ్రిటన్ వృద్ధాప్య పింఛను చట్టం చేసింది, 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్లకు డబ్బిచ్చారు. ఐర్లండ్‌లో ఆ వయసువాళ్లకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? వాళ్లు పుట్టేనాటికి నమోదే లేదు. 1901 లెక్కల్లో 54 అని చెప్పుకున్న ముసలమ్మ 1911 వచ్చేసరికి 71 అయిపోయిన ఇళ్లు ఆ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెడితే కనిపిస్తాయి. ప్రభుత్వానికి రుజువు కావాలి. కాబట్టి 1841, 1851 జనాభా లెక్కల్లో నా చిన్నతనం వెతికి పెట్టండి అని వేలమంది దరఖాస్తు పెట్టుకున్నారు. తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, టౌన్‌ల్యాండ్, పారిష్ రాసి ఇచ్చారు. డబ్లిన్‌లో గుమాస్తా ఒక్కొక్క దరఖాస్తు పట్టుకుని ఆ ఏటి పుస్తకాల్లో ఆ ఇంటిని వెతికాడు. దొరికితే తల్లిదండ్రుల్నీ అన్నదమ్ముల్నీ వయసులతో సహా ఫారం మీద ఎక్కించాడు. కొన్నిటి మీద దొరకలేదు అని రాశాడు. అతను చూసిన పుస్తకాలు పదమూడేళ్ల తర్వాత కాలిపోయాయి. అతను నింపిన ఫారాలు ఉన్నాయి.